ఉన్న రంగు ఉన్నట్టే

2024 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో పాత కార్ల పోటీ జరిగింది. 1950లో మొదలైన ఈ పోటీలో పెద్ద బహుమతి చాలా ఏళ్లుగా ఒకే తరహా బండ్లకు వెళ్తూ వచ్చింది. బోల్టు బోల్టూ విప్పి, తోమి, రంగులేసి, ఫ్యాక్టరీ గేటు దాటిన రోజుకంటే ఎక్కువ మెరిసేలా తయారుచేసిన బండ్లవి. ఆ ఏడు మాత్రం 1934 నాటి బుగాటి టైప్ 59 గెలిచింది. మొదట రేసుల్లో పరుగెత్తి, తర్వాత బెల్జియం రాజు మూడో లియోపోల్డ్ చేతికి వెళ్లిన బండి అది. రాజుగారి కోసం వేసిన నల్లరంగు వెలిసి, పగుళ్లు బారి, అలాగే ఉంది. ఎవరూ దాన్ని కొత్తది చేయలేదు. చేయనందుకే గెలిచింది. పునరుద్ధరణ ఎరగని కారుకు అక్కడ పెద్ద బహుమతి దక్కడం అదే మొదటిసారి.

ఈ వార్త పట్టుకుని మన ఊళ్లో ఏ షెడ్డుకైనా వెళ్లి, "రంగు వేయకుండా ఈ అంబాసిడర్‌ను బాగుచేయాలి" అని అడిగి చూడండి. మేస్త్రీ మనల్ని ఎగాదిగా చూస్తాడు. "ఎందుకు సార్, టింకరింగ్ చేసి ఫుల్ పెయింటింగ్ కొట్టేద్దాం, కొత్త బండిలా ఉంటుంది" అంటాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు, కొత్త బండిలాగే ఉంటుంది. ఆ పనిలో పోయేదేమిటో మాత్రం ఆయన చెప్పడు, మనమూ అడగం.

ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు నమూనాతో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్స్ 1950ల చివర్లో అంబాసిడర్ తయారీ మొదలుపెట్టింది. 2014 మే దాకా బండ్లు వస్తూనే ఉన్నాయి. కలెక్టర్లు, డాక్టర్లు, సినిమా కంపెనీలు, పెళ్లివారు, టాక్సీవాళ్లు, అందరూ వాడారు. అన్ని బండ్లు తిరిగిన దేశంలో మొదటి రంగుతో, మొదటి సీట్లతో మిగిలింది దొరకడం కష్టం. కారణం కారు చెడిపోవడం కాదు, రంగు వేయించడం చవక కావడం. కూతురి పెళ్లికి ఒకసారి, అమ్మే ముందు ఒకసారి, కొన్నవాడు మరోసారి రంగు కొట్టించేవారు. ప్రతిసారీ వాటర్ పేపర్ పట్టి కింది పొరను అరగదీసేవారు, గుంటల్లో లప్పం నింపేవారు.

మొదటి రంగు కింద ఉండేది చరిత్ర అంటే గొప్ప మాటలా ఉంటుంది గానీ, చూస్తే అవి చిన్న చిన్న గుర్తులే. డిక్కీ మూత లోపలివైపు స్ప్రే పూర్తిగా అందక ప్రైమర్ కనిపించే అంచు. తలుపు కమ్మీ మీద స్పాట్ వెల్డింగ్ చుక్కల మధ్య ఎడం. డ్యాష్‌బోర్డు వెనక తనిఖీ చేసిన మనిషి సుద్దముక్కతో గీసిన గీత. కారు అమ్మిన డీలరు అంటించిన చిన్న రేకు పలక. అప్పట్లో ఆ ఫ్యాక్టరీలో పని ఏ వరసలో జరిగిందో, ఏ పొర మీద ఏ పొర పడిందో చెప్పే ఆధారం ఆ బండి తప్ప మరొకటి ఉండకపోవచ్చు. వాటర్ పేపర్ పట్టిన గంటలో ఆ ఆధారం మురికినీళ్లై షెడ్డు కాలువలోకి పోతుంది.

అందుకే ఇలాంటి బండి దొరికినప్పుడు మొదట చేతిలోకి తీసుకోవాల్సింది స్పానరు కాదు, రంగు మందం కొలిచే మీటరు. ఇనుప రేకు మీద ఉన్న పొర ఎంత మందమో అయస్కాంత ప్రేరణతో చెప్పే చిన్న పరికరం ఇది. ఫ్యాక్టరీ రంగు, ప్రైమర్ అన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటాయి. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఒకచోట మీటరు 250 చూపిస్తే దాని మీద రంగు మరోసారి పడిందని అర్థం. 800, 1000 దాటితే కింద లప్పం ఉంది. మీటరు లేకపోతే గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం చాలు. రేకు మీద టక్కున అంటుకునేది, లప్పం మీదికి రాగానే పట్టు సడలిపోతుంది. బండి చుట్టూ తిరిగి ఈ కొలతలు కాగితం మీద రాసుకుంటే, ఏ మడ్‌గార్డు ఎప్పుడో గుద్దుకుందో, ఏ తలుపు ఇప్పటికీ ఫ్యాక్టరీదో బయటపడుతుంది. ఫొటోలు తీయడం కూడా ఆ రోజే జరగాలి, దుమ్ము తుడవకముందే.

ఇక రంగు సంగతి. ఇప్పటి కార్లకు రంగు పొర మీద రంగులేని పారదర్శకపు పొర ఇంకొకటి ఉంటుంది, ఎండ దెబ్బ చాలావరకు అదే కాస్తుంది. పాత కార్ల మామూలు రంగుల్లో ఆ రక్షణ లేదు. రంగునిచ్చే పొడీ, ఆ పొడిని పట్టి ఉంచే రెజిన్ జిగురూ ఒకే పొరలో ఉండి, నేరుగా ఎండకు ఎదురుగా నిలబడతాయి. అతినీలలోహిత కిరణాలు రెజిన్ అణువుల గొలుసులను తెంచుతాయి, గాలిలోని ఆక్సిజన్ ఆ తెగిన చోట్ల పట్టుకుంటుంది. పైపైన జిగురు పోయి పొడి మిగులుతుంది. బానెట్ మీద వేలు రాస్తే వేలికి అంటుకునే సుద్ద అదే. ముదురు నీలం బండి లేత బూడిద నీలంగా, ఎర్రబండి వెలిసిన గులాబీ రంగుగా కనిపించేది ఈ సుద్ద వల్లనే.

రంగు నిజంగా పోయిందా అంటే, చాలావరకు పోలేదు. ఆ పై పొరలో సన్నని పగుళ్లు, ఖాళీలు ఏర్పడి వాటిలో గాలి చేరింది. రెజిన్ వక్రీభవన గుణకం సుమారు 1.5, గాలిది 1. కాంతి ఒకదాన్నుంచి ఇంకోదానిలోకి దాటిన ప్రతిచోటా కొంత చెదిరి వెనక్కి వస్తుంది. అలా చెదిరిన తెల్లని వెలుతురు అసలు రంగును కప్పేస్తుంది. ఎండిన నల్లరాయి బూడిద రంగులో కనిపించి, తడిపితే నిగనిగలాడేది కూడా ఇందుకే. ఆ ఖాళీల్లో 1.47 దగ్గర గుణకం ఉన్న నూనె పదార్థం నిండితే కాంతి చెదరడం తగ్గి, లోపలిదాకా వెళ్లి రంగు పట్టుకుని తిరిగివస్తుంది. పాత రంగుల కోసం చేసిన నూనె పాలిష్‌లు చేసే పని ఇదే. వీటిని ఒత్తి రుద్దకూడదు. దుమ్ము పూర్తిగా కడిగి ఆరాక, మెత్తని నూలుగుడ్డతో ధారాళంగా పట్టించి, రాత్రంతా నానబెట్టి, మర్నాడు ఇంకో గుడ్డతో నెమ్మదిగా తుడిచేయాలి. గుడ్డకు కారు రంగు అంటుతుంది. అంటితే భయపడక్కర్లేదు, పైన పారదర్శకపు పొర లేని రంగు అని దానితోనే రుజువవుతుంది. రెండు మూడుసార్లు ఇలా చేస్తే చచ్చిపోయిందనుకున్న బానెట్ మీద ట్యూబ్‌లైటు ప్రతిబింబం కనిపిస్తుంది.

రబ్బింగ్ కంపౌండ్‌తోనూ ఇదే మెరుపు వస్తుంది, ఇంకా తొందరగా వస్తుంది. కాకపోతే అది ఉన్న పొరను చెక్కి ఆ మెరుపు తెస్తుంది. పై రంగు పొర యాభై మైక్రాన్లే ఉండొచ్చు, మడతల దగ్గర, అంచుల మీద అంతకంటే పలచన. మెషిన్ పెట్టిన కుర్రవాడు బానెట్ మధ్య గీతమీద ఒక్క క్షణం ఎక్కువ ఆగితే కింద రెడాక్సైడ్ ప్రైమర్ తేలుతుంది. దాన్ని వెనక్కి తెచ్చే విద్య ఎవరికీ లేదు. రెండు చోట్ల ప్రైమర్ కనిపిస్తోందా? కనిపించనివ్వండి. దానిమీద మైనం రాసి వదిలేయడమే నా సలహా.

మైనం విషయంలో మ్యూజియంల అనుభవం పనికొస్తుంది. 1950ల్లో బ్రిటిష్ మ్యూజియం పరిశోధకులు పెట్రోలియం నుంచి వచ్చే సూక్ష్మస్ఫటిక మైనంతో ఒక పాలిష్ రూపొందించారు. దీనిలో ఆమ్లాలు లేవు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ద్రావకంతో తుడిచేయవచ్చు. తీసేయగలగడమే ఇక్కడ అసలు గుణం. సిలికోన్ ఉన్న షైనర్లు అంతకంటే బాగా మెరుస్తాయి గానీ, ఒకసారి ఇంకితే వదలవు. ఎప్పుడైనా ఒకచోట రంగు ముట్టించాల్సి వస్తే, కొత్త రంగు అక్కడ నిలవక గుంటలు గుంటలుగా విడిపోతుంది.

మురికి వదిలించడంలో మ్యూజియంవాళ్లు వాడే ఇంకో ద్రవం ఉంది, చెబితే నవ్వుతారు: ఉమ్మి. బంగారు పూత వేసిన 18వ శతాబ్దపు శిల్పాల మీద పోర్చుగల్ పరిశోధకులు దాన్ని పరీక్షించి, అందులోని అమైలేజ్ ఎంజైమ్ మురికిని బాగా వదిలిస్తుందని 1990లో ప్రచురించారు. 2018లో వాళ్లకు రసాయనశాస్త్రంలో ఇగ్ నోబెల్, అంటే నవ్వించే పరిశోధనలకిచ్చే బహుమతి, ఇచ్చారు. కారంతా ఉమ్మితో తుడవమని కాదు. స్పీడోమీటరు చుట్టూ ఉన్న అంకెల ముద్రణ లాంటి సున్నితమైన చోట షాంపూ, థిన్నర్ పోయడం కంటే తడి దూది పుల్ల మేలని చెప్పడానికే ఇది.

రంగు అందం సంగతి, తుప్పు ప్రాణం సంగతి. అంబాసిడర్‌కు లారీలా విడి ఛాసిస్ లేదు, ఒంటి పెట్టె నిర్మాణం అది. నేల రేకు, తలుపుల కింది దూలాలు బండి బరువు మోస్తాయి. కాబట్టి బానెట్ మీది తుప్పునూ కాళ్ల కింద తుప్పునూ ఒకే గాటన కట్టకూడదు.

ఇనుము తుప్పు పట్టడం ఒక చిన్న బ్యాటరీ పని. కేంబ్రిడ్జిలో యులిక్ ఎవాన్స్ దీన్ని ఒక్క ఉప్పునీటి చుక్కతో చూపించాడు. రేకు మీద చుక్క వేస్తే, అంచుల దగ్గర గాలి బాగా అందుతుంది, మధ్యలో అందదు. గాలి అందని మధ్యభాగంలో ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి కరుగుతుంది, అంచు దగ్గర ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను తీసుకుంటుంది. రెండూ కలిసే చోట ఎర్రని తుప్పు వలయంగా పేరుకుంటుంది. అంటే తడి, గాలి ఎక్కువ తక్కువలుగా ఉన్నచోటే ఎక్కువ నష్టం: రబ్బరు మ్యాట్ కింద, రెండు రేకులు అతికిన మడతలో, మట్టి పేరుకున్న మడ్‌గార్డు మూలలో. పైగా తుప్పు అది తిన్న ఇనుము కంటే రెండింతల నుంచి ఆరింతల చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద బొబ్బలు లేవడం, మడతలు విచ్చుకోవడం అందుకే.

తలుపు కింది అంచు చూడండి. అద్దం పక్కనున్న రబ్బరు ఎండిపోయాక వాననీళ్లు తలుపు లోపలికి దిగుతాయి. అవి పోవడానికి అడుగున చిన్న కన్నాలు ఉంటాయి. ముప్పై నలభై ఏళ్ల ఎర్రదుమ్ము, కానుగాకు ముక్కలు, ఎండిన గ్రీజు కలిసి ఆ కన్నాలు మూసుకుపోతాయి. లోపల నీళ్లు నిలబడతాయి. బయట మాత్రం రంగు నిక్షేపంలా కనిపిస్తుంది. బొటనవేలంత బొబ్బ బయటికి కనిపించేసరికి లోపల రేకు కాగితం మందానికి వచ్చేసి ఉంటుంది. సన్నని తీగతో ఆ కన్నాలు పొడిచి, మట్టి రాల్చి, లోపల గాలి ఆడేలా రెండు రోజులు తలుపులు తెరిచి ఉంచి, తర్వాత లానోలిన్ లేదా మైనం కలిసిన నూనెను గొట్టంతో లోపల కొట్టించాలి. బయటి రంగు ముట్టుకోనవసరం లేదు. పాత కారుకు చేసే సేవల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత లాభం ఇచ్చేది మరోటి నాకు తెలియదు.

పలచని, గట్టిగా పట్టుకున్న తుప్పుకు ఇంకో ఉపాయం ఉంది, అది శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులకు ఎప్పటినుంచో తెలుసు. కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో గుడ్డ నానబెట్టి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో పులియబెట్టి చేసిన కసిమిని కలంతో ఆ గుడ్డ మీద గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, కసిమిలోని ఇనుము కలిసి ఐరన్ టానేట్ అవుతాయి. బజార్లో దొరికే రస్ట్ కన్వర్టర్లలో చాలావాటిలో ఉండేది ఈ టానిక్ ఆమ్లమే, లేకపోతే ఫాస్ఫారిక్ ఆమ్లం. ఎర్రని తుప్పు నీలి నలుపుకు తిరిగి అక్కడే గట్టిపడుతుంది. పొలుసులు రాలుతున్న తుప్పు మీద ఇది పనిచేయదు, ముందు బ్రష్షుతో వాటిని రాల్చాలి. ఆ నల్లపొర నీటిని ఆపదు, దాని మీద మైనమో నూనెనో ఉండాల్సిందే.

తడి ఎక్కణ్ణుంచి వస్తుందంటే, మన తీరంలో వాన పడకపోయినా వస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటగానే రేకు మీద ఉన్న ఉప్పు కణం గాలినుంచే నీరు పీల్చి తానే చుక్కైపోతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కు 33 శాతం తేమ చాలు. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నంలలో బండి ఉన్నవాళ్లకు ఈ లెక్క ముఖ్యం. అక్కడ నెలకోసారి మంచినీళ్లతో అడుగుభాగం కడిగించడం పాలిష్ కంటే ఎక్కువ మేలు చేస్తుంది. ప్లాస్టిక్ కవరు కప్పడం అన్నిటికంటే చేటు: రాత్రి చల్లబడ్డ రేకు మీద పేరుకున్న తడి పగలు బయటికి పోయే దారి ఉండదు. నూలు కవరు కప్పండి, షెడ్డుకు కిటికీ పెట్టండి. తేమ 40, 55 శాతాల మధ్య ఉంచగలిగితే ఇనుమూ బాగుంటుంది, తోలూ కొయ్యా ఎండి చిట్లవు. వానాకాలంలో అది సులభం కాదు.

బంపర్ల క్రోమ్ గురించి రెండు మాటలు చాలు. పైన మెరిసే క్రోమియం పొర ఒక మైక్రాన్ కూడా ఉండదు, తుప్పును ఆపేది దాని కిందున్న నికెల్. పొరలోని సూక్ష్మ రంధ్రాల్లోంచి ఎర్రచుక్కలు తేలితే స్టీలు పీచుతో గీకకండి. నలిపిన అల్యూమినియం రేకు కాగితాన్ని నీళ్లలో ముంచి మెల్లగా రుద్దండి. అది క్రోమ్ కంటే చాలా మెత్తన, గీతలు పడవు.

ఇంతవరకూ "ముట్టుకోకండి" అని చెబుతూ వచ్చాను. ఒక హద్దు తర్వాత ఆ మాట మూర్ఖత్వం అవుతుంది. బ్రేకులు, టైర్లు, పెట్రోలు గొట్టాలు, కరెంటు తీగలు, బరువు మోసే రేకులు: వీటిలో పాతదనం మీద మమకారం పనికిరాదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. కొత్త డాట్ 3 ద్రవం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరితే 140 డిగ్రీలకే మరగొచ్చు. ఘాట్‌రోడ్డు దిగేటప్పుడు అది ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది. వీల్ సిలిండర్లలోని రబ్బరు కప్పులు మార్చేటప్పుడు ఇంజన్ ఆయిల్ చేతులతో ముట్టుకోకూడదు, ఖనిజ తైలం తగిలితే ఆ రబ్బరు ఉబ్బిపోతుంది. టైరు గాడి ఎంత లోతు ఉన్నా, పక్కగోడల మీద సన్నని చీలికలుంటే ఓజోన్ రబ్బరు బంధాలను తెంచిందని గుర్తు. 2000 తర్వాతి టైర్ల మీద నాలుగంకెల కోడు ఉంటుంది: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. పాత టైర్లు పారేయకండి, లేబులు కట్టి అటక మీద పెట్టండి. తీసిన ప్రతి భాగానికీ ఇదే వర్తిస్తుంది.

ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజన్‌కు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడం మహాపాపం. సిలిండరు గోడల మీది నూనె ఎప్పుడో జారిపోయి ఉంటుంది, పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుని ఉండొచ్చు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో కాస్త పలచని నూనె పోసి, కొన్ని రోజులు ఓపిక పట్టాలి. పాత అంబాసిడర్లకు ముందునుంచి హ్యాండిల్ దూర్చి తిప్పే ఏర్పాటు ఉంది. ఆ హ్యాండిల్‌తో మెల్లగా కదిపి చూడాలి. పూర్తి చుట్టు తిరిగాకే మిగతా ఆలోచన. ఈలోగా సీటు కింద ఎలుకలు తీగలు కొరికాయేమో చూసుకోవచ్చు. అవి కొరక్కుండా వదిలిన బండిని మన దేశంలో చూడటం అరుదు.

పెట్రోలు కూడా మారింది. 2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. సీసం వాల్వ్ సీట్ల అరుగుదలను ఆపేది. నెమ్మదిగా, అరుదుగా నడిపే బండికి అది పెద్ద సమస్య కాదు. 20 శాతం ఇథనాల్ కలిసిన ఇప్పటి పెట్రోలు ఎక్కువ జాగ్రత్త కోరుతుంది. బరువులో అందులో ఏడు శాతం పైన ఆక్సిజనే. పాత కార్బొరేటరుకు ఆ సంగతి తెలియదు, ఎప్పటి కొలతలోనే పెట్రోలు వదులుతుంది, మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. జెట్ సరిచేయించుకోవాలి. ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను ఉబ్బిస్తుంది, ట్యాంకు గోడలకు అంటిన పాత జిగురును కరిగించి ఫిల్టరుకు అడ్డం తెస్తుంది, తేమ పీల్చి తుప్పుకు దారి వేస్తుంది. ఫ్లోరోకార్బన్ రబ్బరు గొట్టాలు వేయించండి. నెలల పాటు బండి నిలిపేటట్టయితే పెట్రోలు దారి మూసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపి కార్బొరేటరు ఖాళీ చేయండి.

మార్చవలసినవి మార్చి, మిగతావి ఉంచేయాలన్న ఈ పద్ధతికి కట్టడాల పరిరక్షణే మూలం. 1964 నాటి వెనిస్ చార్టర్ గుళ్లకూ కోటలకూ చెప్పినదాన్ని, అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా తన ట్యూరిన్ చార్టర్‌లో కార్లకు వర్తింపజేసింది. చేసే ప్రతి పనీ వీలైనంత తక్కువగా, తిరిగి తీసేయగలిగేలా ఉండాలి, చేసింది రాసి పెట్టాలి.

మన చట్టం కూడా దీనికి దూరంగా లేదు. 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరగని బండి వింటేజ్ వాహనం. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబరులో రాష్ట్రం కోడు తర్వాత వీఏ అక్షరాలు వస్తాయి, రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఇప్పటికే రిజిస్టరైన బండి తన పాత నంబరు ఉంచుకోవచ్చు. రోజువారీ తిరగడానికీ బాడుగకూ కుదరదు. ప్రదర్శనలకూ ర్యాలీలకూ, పెట్రోలుకూ మరమ్మతుకూ రోడ్డెక్కవచ్చు.

తాతగారి బండి ఏదైనా ఇంటి వెనక షెడ్డులో ఉంటే, టింకరింగ్ మేస్త్రీని పిలిచే ముందు ఆర్‌సీ తీసి మొదటి రిజిస్ట్రేషన్ ఏ ఏడాదో చూసుకోండి. ప్లాస్టిక్ కవరుంటే ఈ రోజే తీసేయండి. మ్యాట్లు ఎత్తి ఎండలో వేయండి. రంగు జోలికి మాత్రం వెళ్లకండి.